వడి వేరు, ఒడుపు వేరు

తెలుగు మేష్టారికి బాస్కెట్‌బాల్‌తో పనేమిటని మీరడగవచ్చు. నిజమే, ఆ బంతిని నేనెన్నడూ ముట్టుకున్నవాణ్ణి కాను. కాని ఇంట్లో పిల్ల ఒక ఆట పట్టుకుందంటే ఇంటిల్లిపాదికీ ఆ ఆట తెలియక తప్పదు. మా అమ్మాయి ఇంటర్మీడియెట్ చదువుతోంది. పరుగుపందెంలో దాన్ని మించినవాళ్ళు వాళ్ళ కాలేజీలో లేరు. అందుకే జట్టులోకి తీసుకున్నారు. తీసుకుని, నెల్లాళ్ళపాటు బెంచీమీద కూర్చోబెట్టారు! దానికంటె జానెడు పొట్టిగా ఉన్న మరో పిల్ల మాత్రం మొదటినించి చివరిదాకా ఆడేది.

"పరుగులో అది నాకు సాటి వస్తుందా, నాన్నా?" అని మా అమ్మాయి కంట నీళ్ళు పెట్టుకుంది. దానికి జవాబు చెప్పాలి గదా! అంచేత ఆ ఆటను గురించి దొరికినదల్లా చదివాను. సాయంకాలాలు వెళ్ళి కూర్చుని చూశాను కూడా.

మన భాషలో వడి అనీ, ఒడుపు అనీ రెండు మాటలున్నాయి. ఏటికి ఉండేది వడి. ఆ ఏట్లో వల విసిరే చేతికి ఉండేది ఒడుపు. బాస్కెట్‌బాల్‌కి రెండూ కావాలి గాని, మొదటిదానికి అక్కడ చోటు తక్కువ. కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15. 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లు 9.58 సెకండ్లలో పరుగెత్తిన ఉసేన్ బోల్ట్ సైతం తన పూర్తి వేగం అందుకునేసరికి 60 మీటర్లు దాటిపోయాడు. ఇక ఈ కోర్టులో ఎంత పరుగు పరుగెత్తగలరు? నాలుగడుగులు ఉరకాలి, ఠక్కున ఆగాలి, పక్కకి జరగాలి, వెనక్కి అడుగులు వెయ్యాలి, ఎగరాలి, మళ్ళీ ఉరకాలి.

అసలీ ఆట పుట్టడమే పరుగుకి పగ్గం వేస్తూ పుట్టింది. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు పళ్ళబుట్టలు రెండు బాల్కనీకి కొట్టించి, 13 నియమాలు రాశాడు. బంతి చేతపట్టి పరుగెత్తరాదన్నది అందులో ముఖ్యమైన నియమం. పరుగులో బంతి అందుకున్నవాడికి మాత్రం ఆగడానికి కొంత వెసులుబాటు ఇచ్చాడు. బంతిని నేలకి కొడుతూ సాగిపోవడం తరవాత వచ్చిన పద్ధతి.

ఎన్.బి.ఏ. వారు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే ముందు ఈ రెంటినీ విడివిడిగా పరీక్షిస్తారు. కోర్టులో ముప్పాతిక మేర తిన్నగా పరుగెత్తించడం ఒక పరీక్ష. బుట్ట ముందరి దీర్ఘచతురస్రం చుట్టూ ముందుకీ, పక్కలకీ, వెనక్కీ తిప్పడం మరొకటి. శాస్త్రజ్ఞులు ఇంకో మెలిక పెడతారు. తెలిసిన దారిలో తిరగడం ఒడుపులో సగమేనట. ఎదుటివాడి భుజం ఎటు వాలిందో కనిపెట్టి, ఆ క్షణాన్నే కాలు మళ్ళించడం మిగతా సగం. మగ్సీ బోగ్స్ అనే ఆయన ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. ఆజానుబాహుల నడుమ, 1987నించి 14 సీజన్లు ఎన్.బి.ఏ.లో ఆడాడంటే ఈ విద్య చలవే.

ఇదంతా మా అమ్మాయికి చెబుదామనుకుంటూండగానే సీనియర్ జట్టులో ఒక పిల్ల, ఎవరూ తగలకుండానే, గిర్రున మలుపు తిరుగుతూ కుప్పకూలింది. మోకాలికి ఆపరేషన్ చెయ్యవలసి వచ్చింది. ఆ రాత్రి మా ఆవిడ, "చాలండీ, రేపటినించి మానిపించెయ్యండి" అంది. ఆమె భయం వట్టిది కాదు. మోకాలి లోపల ఏ.సి.ఎల్. అనే కట్టు ఒకటుంది. ఈ ఆటలో అది చాలామట్టుకు ఎవరూ గుద్దకుండానే, ఆగడంలోనో, మలగడంలోనో, ఎగిరి దిగడంలోనో తెగుతుంది. మగపిల్లలకంటె ఆడపిల్లలకి ఆ ప్రమాదం ఎక్కువ కూడాను.

మర్నాడు కోచ్ గారి దగ్గరికి వెళ్ళాను.

"మేష్టారూ, మీ అమ్మాయికి పరుగు నేర్పక్కర్లేదండీ. ఆగడం నేర్పాలి" అన్నాడాయన. "అంత వడిగా వచ్చి, కాలు కర్రలా బిగబట్టి ఆగుతోంది. అలాగే ఆడనిస్తే మోకాలు దక్కదు. అందుకే కూర్చోబెట్టాను."

ఆయన నేర్పే పద్ధతి చూశాను. ఆఖరడుగులో కాదు, దాని ముందరి అడుగులోనే వేగం తగ్గించుకోవాలి. మోకాళ్ళు వంచి నడుము దించాలి. మోకాలు లోపలికి వాలరాదు, పాదం ఉన్న దిక్కునే ఉండాలి. ఎగిరితే చప్పుడు కాకుండా దిగాలి. ఇలా సాధన చేస్తే దెబ్బలు తగ్గుతాయని పరిశోధనలు తేల్చాయి.

ఇంటికొచ్చి చెబితే మా అమ్మ నవ్వింది. "ఇదేం కొత్తరా? తొక్కుడుబిళ్ళలో గీత తొక్కకుండా ఒంటికాలిమీద నిలవడం మాకెవడు నేర్పాడు?"

మా ఆవిడ నవ్వలేదు. చాలాసేపు ఆలోచించి, "ఆగడం వచ్చిందని ఆయన అనేదాకా మాచీల్లో దింపొద్దని చెప్పండి" అంది. ఆడొద్దని మాత్రం అనలేదు.

రెండు నెలలు గడిచాయి. మొన్న ఆదివారం మా అమ్మాయిని పది నిమిషాలు ఆడనిచ్చారు. బుట్టలో ఒక్క బంతీ వెయ్యలేదు గాని, దూసుకొస్తున్న ఎదటి జట్టు పిల్లకి మూడుసార్లు అడ్డం నిలిచింది. నేను చప్పట్లు కొట్టాను. మా ఆవిడ బంతివంక చూడనే లేదు. ఆ పది నిమిషాలూ పిల్ల మోకాళ్ళవంకే చూస్తూ కూర్చుంది.