చెయ్యి అందిన చోటే దెబ్బ

జొహన్నెస్‌బర్గ్ వెళ్లినవాళ్లు సాండ్‌టన్ చూడకుండా రారు. అద్దాల మేడలు, బ్యాంకులు, పెద్ద పెద్ద మాల్స్. అక్కడ్నించి హైవే దాటితే చాలు, అలెగ్జాండ్రా. ఇరుకు సందులు, రేకుల ఇళ్లు, నలుగురూ వాడుకునే కుళాయిలు. 1941లో పని వెతుక్కుంటూ వచ్చిన కుర్ర మండేలా అద్దెకున్న గది ఇక్కడే.

2008 మేలో గొడవ మొదలైందీ ఇక్కడే. జింబాబ్వే, మొజాంబిక్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ల మీద పడ్డారు. మంట వేరే ఊళ్లకీ పాకి 62 మంది చనిపోయారు. ‘మా పనులు, మా ఇళ్లు లాక్కుంటున్నారు’ అన్నదే కోపం. 1994లో అందరికీ ఓటొచ్చింది గానీ, చాలామందికి పని రాలేదు, ఇల్లు రాలేదు. అవి ఉన్నవాళ్లకేమో ఎత్తు గోడలు, కరెంటు కంచెలు, కాపలావాళ్లు. పక్కింటివాడికి రేకు తలుపే దిక్కు. చెయ్యి అందిన చోటే దెబ్బ పడింది.

పరాయివాడో కాదో తేల్చడానికి మోచేతిని జులూలో ఏమంటారని అడిగేవారట. చివరికి ఆ 62 మందిలో 21 మంది దక్షిణాఫ్రికా పౌరులే!

సందులో నిలబడి తలెత్తితే సాండ్‌టన్ మేడలు కనిపిస్తాయి. అంత దగ్గర. కాలింది మాత్రం ఇవతలి రేకుల ఇళ్లు.