ఇల్లు మాఱుటకు ముందు

ఉపాధ్యాయుని బ్రదుకులో బదిలీ యనునది పండుగవలె ఏటేట రాకపోయినను, జ్వరమువలె చెప్పకుండ వచ్చును. గత వేసవిలో మాకు చిత్తూరినుండి తిరుపతికి బదిలీ యైనది. పూతలపట్టును, చంద్రగిరిని దాటినచో తిరుపతియే. గట్టిగా డెబ్బది కిలోమీటర్లు. “ఇదియు నొక దూరమేనా?” అని బంధువులు నవ్విరి. కాని కాపురమంతయు లారీ కెక్కింపవలసినవానికి డెబ్బదియు, ఏడు నూఱులును ఒక్కటే. ఊరగాయ జాడీలకు గోనెలు చుట్టుట, అద్దపు బీరువాకు దుప్పట్లు కట్టుట మా గృహిణి పాలికి వచ్చినవి. పుస్తకములును, కంప్యూటరును మా పాలికి వచ్చినవి. పుస్తకములను సర్ది, కంప్యూటరును దాని అట్టపెట్టెలో దింపబోవుచుండగా ఆమె వచ్చి అడ్డముగా నిలిచినది.

“ముందు దాంట్లో ఉండేవాటికి కాపీలు తీయండి. అత్తమ్మ పాటలు పోయినట్టు ఇవి కూడా పోగొట్టుకుందామా?”

ఈ మాటకు మేము బదులు చెప్పలేకపోతిమి. తప్పు మాది.

మా తల్లిగారు బడి మొగమెఱుగరు. ఆడపిల్లకు చదువేల యని తలచిన కాలపు పెద్దల చేతిలో పెరిగినవారు. అక్షరము రాకపోయినను పాట వచ్చినది. గొబ్బిపాటలు, జోలపాటలు, దంపుడు పాటలు, మంగళహారతులు, అన్నిటికిని ఆమె జ్ఞాపకమొక్కటే గ్రంథము. 2014లో సంక్రాంతి సెలవులకు, అప్పటికి ఎనిమిదేండ్లదైన మా కుమార్తె అవ్వను వసారాలో కూర్చుండబెట్టి, సెల్‌ఫోనులో నలువది యొక్క పాటలు రికార్డు చేసినది. పాట నడుమ కోడికూతయు, ప్రక్కింటివారి బిందెల చప్పుడును వినవచ్చుచుండెను. ఫోను నిండిపోయినదని మేమా పాటలను కంప్యూటరులోనికి ఎక్కించి, ఫోనులోనివి తుడిచివేసితిమి. “భద్రముగా నున్నవమ్మా” అని ఆమెతో చెప్పితిమి. మఱుసటి యేడు ఆమె కాలధర్మము నొందిరి.

2016లో పలమనేరునుండి చిత్తూరికి కాపురము మార్చుచు కంప్యూటరును రుబ్బురోలి ప్రక్కన లారీలో నుంచితిమి. మొగిలి ఘాటు దిగుటలో ఏ మలుపున ఏ దెబ్బ తగిలినదో! చిత్తూరిలో బొత్తాము నొక్కగా లోపలినుండి గడియారపు చప్పుడువంటి టిక్కు టిక్కు వినబడినదే గాని, తెరమీద ఏమియు రాలేదు.

హార్డ్ డిస్కు యనగా మూసిన పెట్టెలో నిమిషమునకు 5400 లేక 7200 మాఱులు తిరుగు నున్నని పళ్ళెము. ఆ పళ్ళెము మీద, వెండ్రుక మందములో వేయవ వంతైనను లేని యెత్తున, ఒక సన్నని ములుకు తేలుచు అక్షరములను వ్రాయును, చదువును. అది పళ్ళెమును గీచెనా, ఆ గీత క్రింది అక్షరములు పోయినట్లే. టిక్కుమను చప్పుడు విన్నంతనే కరెంటు ఆపి, పని తెలిసినవారి కప్పగింపవలయును. మేమో, మొరాయించు గుఱ్ఱమును అదలించినట్లు పది మాఱులు బొత్తాము నొక్కితిమి. పిమ్మట బెంగుళూరిలో నొక మరమ్మతు శాలకు పంపగా, పళ్ళెము గీచుకొనిపోయినది, ఏమియు రాదని వారు త్రిప్పి పంపిరి. మా కుమార్తె ఏడువలేదు. “భద్రంగా ఉన్నాయని అవ్వతో చెప్పినావు కదా నాన్నా” అని మాత్రము అన్నది.

సంస్కృతము చదివినవారమై యుండియు ఇట్టి తప్పు చేయుట మఱింత సిగ్గుచేటు. పూర్వపు లేఖకులు గ్రంథము ముగియగానే, నూనెనుండి నన్ను కాపాడుము, నీటినుండి కాపాడుము, వదులు కట్టునుండి కాపాడుము, మూఢుని చేత పెట్టకుము అని గ్రంథమే వేడుకొన్నట్లు చివర వ్రాసెడివారు. ఆ మూఢుడెవ్వడో మాకు 2016లో తెలిసినది. తాటియాకు శాశ్వతము కాదని వారెఱుగుదురు. అందుచేత పాత యాకులు శిథిలములు గాకముందే క్రొత్త యాకులపై ఎక్కించెడివారు. మన ప్రాచీన కావ్యములు మనకు దక్కుట ఏ యొక్క తాటియాకు చావకుండుటచేత కాదు. ఒక ప్రతి చచ్చులోపల మఱొక ప్రతి పుట్టుటచేత. పందొమ్మిదవ శతాబ్దిలో మన కడపలో బ్రౌను దొర పండితులకు జీతములిచ్చి చేయించిన పనియు నిదియే: ప్రతులు సేకరించుట, ఒకదానితో నొకటి పోల్చుట, శుద్ధప్రతి వ్రాయించుట.

ఇంతకంటె దగ్గఱి దృష్టాంతము తిరుమల కొండమీదనే కలదు. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) ముప్పది రెండువేల సంకీర్తనలు చెప్పెనని ప్రతీతి. ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యులు వానిని రాగిరేకులపై చెక్కించి, ఆలయములోనే ఒక యఱలో భద్రపఱచెను. ఆ రేకులు ఇరువదవ శతాబ్దమున వెలుగు చూడగా, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మున్నగు పండితులు శ్రమించి పరిష్కరించిరి, దేవస్థానమువారు అచ్చొత్తించిరి. అయినను నేడు దొరకినవి ఆ ముప్పది రెండువేలలో సగమైనను లేవు. మఱియు రేకులమీద పాటకు రాగము పేరున్నది గాని, ఆనాడు పాడిన వరుస లేదు. రాగి నిలిచినది, మాట నిలిచినది, గొంతు నిలువలేదు. మా కాలమున గొంతును గూడ నిలుపగల సాధనము సెల్‌ఫోను రూపమున చేతికి వచ్చియుండగా, మేము దానిని రుబ్బురోలి ప్రక్కన నుంచితిమి.

కావున ఈ మాఱు గృహిణి మాటను తలదాల్చి, పనికి పూనుకొంటిమి. దీనినే బ్యాకప్పు అందురు. తెలిసినవారు చెప్పు సూత్రము చిన్నది: మూడు ప్రతులుండవలయును, అవి రెండు విధములైన సాధనములలో నుండవలయును, అందొకటి ఇంటికి వెలుపల నుండవలయును. చాదస్తమని త్రోసివేయుదుమా? మన సీమలో జరిగిన మూడు సంగతులు తలచుకొందము.

2021 నవంబరు వానలలో తిరుపతి వీథులు కాలువలైనవి. పల్లపు ఇండ్లలోనికి నీరు చొచ్చినది. రాయలచెఱువు కట్టకు గండి పడునేమోయని దిగువ పల్లెలవారిని ఖాళీ చేయించిరి. కంప్యూటరును, దాని ప్రతియు ఒక్క బల్లమీదనే యున్న ఇంట నీటికి రెండును ఒక్కటే. ఇక 2017 మే నెలలో వాన్నాక్రై అను దుష్టప్రోగ్రాము లోకమంతట కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి, తెఱచుటకు డబ్బడిగినది. మన చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లును, తిరుమల తిరుపతి దేవస్థానము కంప్యూటర్లును కొన్ని దాని వాతబడినవి. ఎల్లప్పుడును యంత్రమునకు తగిలించియే యుంచిన ప్రతికిని ఇట్టి తాళమే పడును. కావున ఒక ప్రతి, పని ముగియగానే ఊడదీసి బీరువాలో నుంచవలయును. ఈ యంత్రముల గొడవ యెందులకు, కాగితమే మేలందురా? 2024 జులై 21వ తేది రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయములో మంటలు లేచి, భూముల దస్త్రములనేకము కాలిపోయినవి. కాగితమైనను, రాగియైనను, అయస్కాంతమైనను, ఒక్క చోట నున్నది ఉన్నట్లు కాదు.

క్రొత్త హార్డ్ డిస్కులు రెండు తెచ్చితిమి. ఒకటి ఇంట నుంచుటకు, ఒకటి మదనపల్లెలోని మా చెల్లెలి ఇంటికి పంపుటకు. మిక్కిలి ముఖ్యములైన వానిని క్లౌడులోనికి గూడ ఎక్కించితిమి. దానితో చిక్కొకటి కలదు. ఇచ్చట ఫైలును చెఱిపిన అచ్చటను చెఱిగిపోవు ఏర్పాటు కొన్నిట నుండును. అది అద్దములో నీడవంటిది. మనము తొలగిన నీడయు తొలగును. నీడను ప్రతి యనుకొనరాదు. పెన్‌డ్రైవు చేతికి సులువే గాని, ఏండ్ల తరబడి దాచుటకు నమ్మదగినది కాదు.

ప్రతి తీయుట ఒక రాత్రి పట్టినది. సరిచూచుటకు రెండు దినములు పట్టినవి. ప్రతి తీసితిమనుట వేఱు, ప్రతి తెఱచుకొన్నదనుట వేఱు. అచ్చటచ్చట ఫైళ్లను తెఱచి చూడగా, ఇంటి లెక్కలున్న సంచి యొకటి అసలు ఎక్కనేలేదని మా గృహిణియే కనుగొన్నది. మఱియొక వింత: పదునెనిమిదేండ్ల క్రిందట మేము టైపు చేసిన వ్యాసములు తెఱువగా తెలుగునకు మాఱుగా పిచ్చిగీతలు కనబడినవి. ఆనాడు అను ఫాంటులలో టైపు చేసితిమి. ఆ ఫాంటు ఇప్పటి యంత్రములో లేదు. తెలుగు 1991లోనే యూనికోడులో చేరినను మేము మాఱలేదు. ఫైలు దక్కియు అక్షరము దక్కకపోవుట యన నిదియే. మా కుమార్తె వానిని యూనికోడునకు మార్చి, తప్పులు దిద్దినది.

అంతయు ముగిసినదని మేము మీసము దువ్వుకొనుచుండగా మా గృహిణి మఱియొక ప్రశ్న వేసినది.

“అన్నీ మూడు చోట్ల పెట్టినారు, బాగుంది. పాస్‌వర్డు ఎన్ని చోట్ల ఉంది?”

“మాకు తెలియును గదా” అంటిమి.

“రేపు మీకేమన్నా అయితే? ఇంటి పత్రాలు, బ్యాంకు లెక్కలు, పాప సర్టిఫికెట్లు అన్నీ అందులోనే. నేను ఏ బొత్తాము నొక్కాల?”

మొదట మాకు కోపము వచ్చినది. దాని వెంటనే సిగ్గు వచ్చినది. మేము ఏటేట మార్చి ఎనిమిదవ తేదిని బడిలో స్త్రీ విద్యను గూర్చి ఉపన్యసింతుము. ఇంటిలోనో, ఇల్లాలికి తాళపుచెవి నీయక పెట్టెమీద కూర్చుంటిమి. మా తాతగారు భోషాణపు చెవులను మొలత్రాట కట్టుకొని తిరిగెడివారని నవ్వుకొందుము. మా మొలత్రాటికిని చెవి యున్నది. అది కంటికి కనబడదు, అంతే భేదము. ఒక్క పెట్టెలో నున్నది ఉన్నట్లు కాదని యెఱిగితిమి గాని, ఒక్క తలలో నున్నదియు అట్టిదేయని యెఱుగమైతిమి. మా తల్లి పాటలను పోగొట్టినది ఒక్క ఘాటురోడ్డేనా? వానిని వ్రాసికొనుటకు అక్షరమీయనివారును, ఇంకొకరికి నేర్పుటకు తీఱిక యీయనివారును మొదట పోగొట్టిరి. మేము కడపట పోగొట్టితిమి.

నాటి సాయంకాలమే ఒక కాగితముపై అన్నిటిని వ్రాసి, కవరులో నుంచి అంటించి, ఇంటి పత్రములతో నుంచితిమి. యంత్రమునకు అంటింపలేదు; వాట్సాప్‌లో పంపలేదు. మఱియు ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి, మేము నిలుచుండి, ఆమె చేతులతోనే అన్నియు తెఱపించితిమి. రెండవ మాఱు ఆమెకు మా సాయము అక్కఱలేకపోయినది.

లారీ తిరుపతికి బయలుదేరినది. కంప్యూటరు దుప్పటిలో చుట్టబడి అందులో వచ్చినది. హార్డ్ డిస్కు మాత్రము మా గృహిణి తుండుగుడ్డలో చుట్టి తన చేతిసంచిలో నుంచుకొని బస్సులో వచ్చినది. క్రొత్త ఇంట పాలు పొంగించిన రాత్రి, సామానుల నడుమ చాపలు పఱచుకొని పండుకొనియుండగా, ఆమె దేనికో మెల్లగా కూనిరాగము తీయసాగినది. మా కుమార్తె దిగ్గున లేచి, “అమ్మా, ఇది అవ్వ పాట కదా!” అన్నది. బిడ్డ యుయ్యెలలో నున్న దినములలో అత్తగారివద్ద నేర్చినదట. సగమే జ్ఞాపకమున్నది. కుమార్తెకు మఱి రెండు చరణములు జ్ఞాపకము వచ్చినవి. మాకు, కన్నకొడుకునకు, ఒక్క చరణమైనను రాలేదు. ఫోను తీసి రికార్డు చేసితిమి. ఫోనులోనిది తుడువక, రెండు డిస్కులలోను వేసితిమి. మఱునాడు మా కుమార్తె కాగితముమీద గూడ వ్రాసికొన్నది.

నలువది యొక్క పాటలలో మాకు దక్కినది ఒక్క పాట. అందును కొంత లోపము.

చదువరులారా! మీ యింట ఇట్టి దేదో యొకటి ఒక్క చోటనే యుండియుండును. ఫోనులో తాతగారి మాట యుండవచ్చును. బీరువాలో పెండ్లినాటి క్యాసెట్టు ఉండవచ్చును. ఏ యక్షరమును రాని యొక ముసలమ్మ జ్ఞాపకములో ఉండవచ్చును. లారీవానితో బేరమాడుటకు ముందు దానికొక ప్రతి తీయుడు. తీసిన ప్రతిని తెఱచి చూడుడు. అది యెచ్చట నున్నదో, ఎట్లు తెఱువవలెనో ఇంటిలోని ఆడువారికిని చెప్పుడు. ఇల్లు మాఱు పని లేనివారును ఈ పని చేయవచ్చును.