నాన్న ఎజ్డీ, అనంతగిరి ఘాట్

మొన్న సంక్రాంతికి విజయనగరం వెళ్ళినప్పుడు నాన్న ఎజ్డీని అమ్మేద్దామనే అనుకున్నాను. మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది, స్పేర్లు దొరకడం కష్టం, నేనేమో ఏడాదికి పది రోజులు కూడా ఇంట్లో ఉండను. సరే, ఆఖరిసారి పాత బళ్ళ బ్యాచ్‌తో అరకు వెళ్ళొద్దామని బయల్దేరా.

తెల్లారి అయిదింటికి, వణికే చలిలో, ఏడు బళ్ళు. పెట్రోల్లో ఆయిల్ కలుపుకున్నాం. ఎజ్డీలో గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు రాడ్డవుతుంది.. చలికి నాది పదో కిక్కుకి గానీ అందుకోలేదు. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతుంటే ఠక్కున ఆగిపోయింది. అందరూ ఆగారు.

"మీరెళ్ళండి, నేను చూసుకుంటా" అన్నాను.

"ఒగ్గేసి ఎలిపోతామేటి బావూ?" అంటూ శ్రీకాకుళం నుంచొచ్చిన మాస్టారు టూల్ కిట్ విప్పారు. కండెన్సర్ పోయింది. తన దగ్గరున్న ఒక్కగానొక్క స్పేరు తీసి బిగించేశారు. డబ్బులివ్వబోతే, "రేపు దార్లో ఇంకెవుడి బండైనా ఆగితే నువ్వు బిగించు, సాలు" అన్నారు.

ఓపెన్ సోర్స్ గురించి ఆఫీసులో బోలెడు స్లైడ్లు చేశాను గానీ, అదేంటో ఆ మలుపు దగ్గరే అర్థమైంది.

బండి అమ్మలేదు. వెతగ్గా వెతగ్గా రెండు కండెన్సర్లు దొరికాయి. ఒకటి మాస్టారి బాకీ.