మందిరంలో చెప్పులు



అయ్యగారు చెప్పులు వేసుకుని పుల్పిట్ ఎక్కుతున్నారన్న మాట కల్లూరు దాటి హైదరాబాదు దాకా వెళ్ళిందని మొన్న తెలిసింది. అక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మన బిడ్డ ఒకరు ఫోన్ చేసి, “నిజమేనా అయ్యగారూ?” అని అడిగారు. అడగడానికి ఎంత ఇబ్బంది పడ్డారో గొంతులోనే తెలిసింది. నిజమే. నీలం రంగు చెప్పులు, అడుగు మెత్తగా, మడమ దగ్గర కొంచెం ఎత్తుగా ఉంటాయి. ఎందుకు వేసుకోవలసి వచ్చిందో ఎవరో చెప్పగా వినడం కంటే మేము చెప్పడమే మంచిది. ఇందులో మా తప్పు కూడా ఒకటి ఉంది.

పోయిన వర్షాకాలంలో అమ్మగారి బలవంతం మీద రక్తపరీక్ష చేయించుకున్నాము. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షలో 6.2 వచ్చింది. 6.5కు చేరితే షుగర్ వ్యాధి కిందే లెక్క, 5.7 నుండి హెచ్చరిక అని డాక్టర్ గారు చెప్పారు. గృహదర్శనానికి వెళ్ళిన ప్రతి ఇంట్లో టీ తాగే ఉద్యోగం మాది. రోజుకు ఎన్ని టీలో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. టీ తగ్గించండి, రోజూ నడవండి అన్నారు. నడవమన్నారు, అంతే. పరుగెత్తమని ఆయన అనలేదు. ఆ మాట తర్వాత మాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

మన యవనస్తులు కొందరు కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తెల్లవారుజామున అయిదింటికే సాగర్ కాలువ గట్టు మీద పరుగు సాధన చేస్తారని మీకు తెలుసు. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని పెట్టారు. పరుగులో తప్పితే లాంగ్ జంప్, షాట్‌పుట్ దాకా పోయే పనే లేదు. రాత పరీక్షకు ఎంత చదివినా ఆ కొద్ది నిమిషాల దగ్గర ఆశ తెగిపోయిన ఇళ్ళు మన మండలంలోనూ ఉన్నాయి. పిల్లలకు తోడుగా ఉంటుంది, మన షుగర్ కూడా తగ్గుతుందని మేమూ గట్టు మీదికి వెళ్ళడం మొదలుపెట్టాము. మొదటి వారం నడిచాము. రెండో వారం “అయ్యగారూ, మీరు కూడా రండి” అన్నారు పిల్లలు. ఇక ఆగలేదు.

నలభై దాటిన మనిషి ఇరవై ఏళ్ళ పిల్లల వెనుక పరుగెత్తుతుంటే ఊపిరి కంటే ముందు గర్వం పెరుగుతుంది. నెల తిరిగేసరికి నాలుగు కిలోమీటర్లు ఆగకుండా వెళ్ళాము. పొలాలకు పోయేవాళ్ళు బండి ఆపి వందనాలు చెబుతుంటే బాగుండేది. ఆదివారం వాక్యంలో పౌలు భక్తుడి పరుగు పందెం ఉపమానం రెండు మూడుసార్లు వచ్చింది. మీరు గమనించే ఉంటారు. కాళ్ళకు ఉన్నవి మాత్రం మూడేళ్ళ క్రితం కొన్న బూట్లు, అడుగు అరిగిపోయినవి.

ఒకరోజు తెల్లవారుజామున ప్రార్థనకు లేచి మంచం దిగి కుడికాలు నేల మీద పెట్టగానే మడమ లోపల మేకు దిగినట్టయింది. పది అడుగులు వేశాక తగ్గింది. మోకాళ్ళ మీద ప్రార్థన చేసి లేచేటప్పుడు మళ్ళీ అదే పోటు. గట్టు మీద కొంతసేపు పరుగెత్తితే నొప్పి పోయేది. పోయింది కాబట్టి ఏమీ లేదనుకున్నాము. మధ్యాహ్నం బండి దిగేటప్పుడు తిరిగి వచ్చేది. ఊళ్ళో మందుల షాపులో నొప్పి బిళ్ళలు తెచ్చుకుని పరగడుపున వేసుకుని మరీ పరుగుకు వెళ్ళాము. అది ఎంత తెలివితక్కువ పనో ఇప్పుడు చెప్పగలము.

అమ్మగారు రెండోరోజే కనిపెట్టారు. “కుంటుతున్నారు, మానేయండి” అన్నారు. “నువ్వు ఊరుకో, అందరికీ చెప్పకు” అన్నాము. దినవృత్తాంతముల రెండవ గ్రంథం 16వ అధ్యాయంలో ఆసా రాజు పాదాల జబ్బు గురించి మీకు మేము ఎన్నిసార్లు చెప్పామో! దేవుణ్ణి విచారించక వైద్యులను నమ్ముకున్నాడని ఆ రాజును ఎన్నిసార్లు తప్పుబట్టామో! అదే అధ్యాయంలో కొంచెం పైన ఇంకొక సంగతి ఉంది. నిజం చెప్పిన హనానీ అనే దీర్ఘదర్శిని ఆ రాజు చెరసాలలో వేయించాడు. పాదాల జబ్బు ఆ తర్వాత వస్తుంది. ఇన్నేళ్ళ సేవలో ఆ రెండింటినీ కలిపి మేము ఒక్కసారీ చదవలేదు. మా ఇంట్లో హనానీ వంటగదిలో నిలబడి చెబుతుంటే నోరు మూయించాము.

సేవకుడికి ఇంకొక భయం కూడా ఉంటుంది. ఎందరి తలల మీదో చేతులుంచి స్వస్థత కోసం ప్రార్థిస్తాము. అలాంటి మేము కుంటుతూ కనబడితే ఎవరి విశ్వాసమైనా సన్నగిల్లుతుందేమో అనుకున్నాము. విశ్వాసం పేరు పెట్టుకున్నాము గానీ, అందులో సగానికి పైగా పరువే.

మూడు వారాలు అలా గడిచాయి. గట్టు మీదికి వచ్చే పిల్లల్లో ఒక ఆడబిడ్డ ఉంది. పేరు రాయము. తండ్రి లేడు, తల్లి మిరపకోతకు పోయి చదివిస్తోంది. ఒకరోజు సగం దూరంలోనే కూర్చుండిపోయింది. ముంగాలు ఎముక మీద చెయ్యి వేయనివ్వలేదు. ఎన్నాళ్ళ నుంచి నొప్పి అంటే నెల అన్నది. నెల నుంచి ఎందుకు చెప్పలేదమ్మా అని కొంచెం కోపంగానే అడిగాము. ఆ బిడ్డ తల వంచుకుని, “మీరు కూడా నొప్పితోనే పరుగెత్తుతున్నారు కదా అయ్యగారూ. మీరు ఆగలేదని నేనూ ఆగలేదు” అన్నది.

మేము కుంటడం ఎవరూ చూడలేదనుకున్నాము. అందరూ చూశారు. చూసి, అదే విశ్వాసమనుకున్నారు.

ఆ రోజే ఇద్దరమూ, ఆమె తల్లీ, అమ్మగారూ ఖమ్మం వెళ్ళి ఎముకల డాక్టరుకు చూపించుకున్నాము. ఆ బిడ్డకు ఎముకలో సన్నటి బీట మొదలై ఉండవచ్చు, ఇలాంటివి మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఆరు వారాలు పరుగు మాట ఎత్తవద్దు అన్నారు. ఇంకా అలాగే పరుగెత్తి ఉంటే ఎముక పూర్తిగా విరిగేదని కూడా చెప్పారు. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఆ తల్లి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మాది చిన్న దెబ్బే. మడమ ఎముక నుండి వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుందట. పాదం వంపును పట్టి ఉంచేది అదే. బరువున్న మనిషి ఉన్నట్టుండి పరుగు పెంచితే, పిక్కలు బిగుసుకుపోయి ఉంటే, అరిగిన బూట్లు వేస్తే అది మడమ దగ్గర దెబ్బతింటుంది. ఈ మూడూ మాకు ఉన్నాయి. రాత్రి నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి ఆ పట్టీ కుదించుకుని ఉంటుంది. పొద్దున మొదటి అడుగు దాన్ని ఒక్కసారిగా లాగుతుంది. ఆ పోటు అందుకే. చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది గానీ నెలలు పడుతుందన్నారు. మంచం దిగకముందే తువ్వాలు పాదానికి వేసి వేళ్ళను మన వైపు లాక్కోవాలి. గోడకు చేతులు ఆనించి, మడమ నేలకు ఆనించి, పిక్క సాగేలా అర నిమిషం నిలబడాలి, అలా మూడుసార్లు. నీళ్ళ సీసా గడ్డకట్టించి అరికాలి కింద దొర్లించాలి. ఈ సీసా పని మాత్రం మాకు చాలా నచ్చింది.

చివరగా డాక్టర్ గారు, “గట్టి నేల మీద ఉత్తకాళ్ళతో నిలబడకండి, ఇంట్లో కూడా” అన్నారు. మీరు ఏం పని చేస్తారని అడిగారు. చెప్పాము. ఆదివారం మందిరంలో బండల మీద ఉత్తకాళ్ళతో ఎంతసేపు నిలబడతారు అన్నారు. ఆరాధన, వాక్యం, ప్రార్థనలు అన్నీ కలిపితే మూడు గంటలు. “అయితే అక్కడ కూడా వేసుకోండి” అన్నారాయన తేలికగా.

ఆయనకు తేలిక. మందిరం గుమ్మం దగ్గర చెప్పులు విడవడం మన తాతల నాటి నుంచి ఉంది. మండుతున్న పొద దగ్గర మోషే చెప్పులు విడిచిన సంగతి చెప్పి, చిన్నపిల్లల చెప్పులు మేమే విప్పించాము. ఆ వారమంతా మనసు ఊగిసలాడింది. ఆ రోజుల్లో పరుగు లేదు కాబట్టి ఎరిక్ లిడ్డెల్ జీవితం మళ్ళీ చదివాము. ఆయన సంగతి మీరు మా నోట విన్నారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పందెం ఆదివారం వచ్చిందని వదులుకున్న మనిషి. ఆ తర్వాత 400 మీటర్లు 47.6 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం తెచ్చుకున్నాడు. మేము ఎప్పుడూ అక్కడితోనే ఆపేసేవాళ్ళము. ఆయన తర్వాత చైనాకు మిషనరీగా వెళ్ళి, యుద్ధకాలంలో జపాను వారి నిర్బంధ శిబిరంలో పడ్డాడు. అక్కడ పిల్లలు ఆదివారం హాకీ ఆడుతూ, చూసే పెద్దవాడు లేక కొట్టుకునేవారు. ఒలింపిక్ పతకం కోసం ఆదివారాన్ని వదలని మనిషి ఆ పిల్లల కోసం ఆదివారం ఆటకు రిఫరీగా నిలబడ్డాడు. శిబిరం విడుదల కాకముందే, 1945 ఫిబ్రవరిలో, మెదడులో కణితితో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 43. ఇంచుమించు మా వయసే.

సంఘ పెద్దలను పిలిచి సంగతి చెప్పాము. ఒకరు మోషే మాట ఎత్తారు. ఇంకొకరు “కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పండి, ప్రభువు కూడా కూర్చునే బోధించాడు కదా” అన్నారు. అది మంచి మాటే, వాక్యం సగం ఇప్పుడు కూర్చునే చెబుతున్నాము. చివరికి, మందిరంలోనే ఉంచే కొత్త చెప్పులు, బయట తొక్కనివి, వేసుకోవచ్చు అని అందరూ ఒప్పుకున్నారు. ఆ ఆదివారం వాక్యానికి ముందు చెప్పులు చూపించి, కాలి సంగతి, నొప్పి బిళ్ళల సంగతి, ఆ బిడ్డ అన్న మాట, ఆమె అనుమతి తీసుకునే, సంఘం ముందు చెప్పాము. వాక్యభాగం హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం. పరుగు పందెంతో మొదలయ్యే అధ్యాయం కాబట్టి మేము ఎప్పుడూ మొదటి రెండు వచనాలతో ఆపేసేవాళ్ళము. అదే అధ్యాయం 13వ వచనంలో కుంటివాడు ఉన్నాడు. అతని కాలు ఇంకా బెణకకుండా బాగుపడేలా దారులు చదును చేయమని ఉంది. చదును చేయవలసింది పరుగెత్తేవాళ్ళు.

ఆరాధన అయ్యాక, ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునే మన మామ్మగారు ఒకరు అందరూ వెళ్ళేదాకా ఆగారు. ఆమెకు షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. “నాయనా, నేను కూడా లోపలికి వేసుకు రావచ్చా?” అన్నారు. పాదాలకు స్పర్శ పోయిందట. ఉత్తకాళ్ళతో అడుగు కూడా వేయవద్దని డాక్టర్లు ఎప్పుడో చెప్పారట. స్పర్శ లేని కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడితే గానీ తెలియదు. ఎండాకాలం గేటు నుంచి గుమ్మం దాకా సిమెంటు మీద ఎలా నడిచేవారమ్మా అని అడిగాము. “కాలినట్టే తెలియదుగా నాయనా” అని నవ్వారు. కాలి వేలి పక్కన ఒక మచ్చ చూపించారు. అది మన మందిరం ముందు పడిన బొబ్బదే.

ఆమె మాకంటే ముందు నుంచి ఈ సంఘంలో ఉన్నారు.

ఇప్పుడు గుమ్మం లోపల ఎడమ వైపు చిన్న అర ఒకటి కొట్టించాము. నాలుగు జతలు ఉన్నాయి, ఒకటి మాది, ఒకటి మామ్మగారిది. మిగతావి అవసరమున్నవారికి. అడగవలసిన పని లేదు. అందరూ వేసుకోమని కాదు, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఎప్పటిలాగే బయట విడవండి. షుగర్ ఉన్న పెద్దలు ఇంట్లో ఉంటే రాత్రి పడుకునే ముందు వారి అరికాళ్ళు మీరే ఒకసారి చూడండి, వారికి వంగి చూసుకోవడం కుదరదు.

మడమ నొప్పి సగం తగ్గింది. పొద్దున మొదటి అడుగు ఇంకా చెబుతూనే ఉంది. పరుగు లేదు, కాలువ గట్టు మీద మెల్లగా రెండు కిలోమీటర్లు నడుస్తున్నాము, కొత్త బూట్లతో. పిల్లలు మమ్మల్ని దాటి వెళుతూ వందనాలు చెబుతారు. ఎవరికి ఎక్కడ నొప్పి ఉన్నా ముందు ఆగి చెప్పాలని అనుకున్నాము. పోయిన వారం ఇద్దరు ఆగారు.

ఆ బిడ్డకు అయిదో వారం నడుస్తోంది. గట్టుకు వస్తుంది, స్టాప్‌వాచ్ పట్టుకుని మిగతావాళ్ళ సమయం చూస్తుంది. వచ్చే శుక్రవారం మళ్ళీ ఖమ్మం వెళ్ళి చూపించాలి. ఆ రోజు ఉపవాస ప్రార్థనలో ఆమె కాలిని, ఆమె తల్లిని జ్ఞాపకం చేసుకోండి.