కాతేరు గుల్లల వయసెంత?

గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లని వయసెంతని అడిగి చూడండి. అంకె చెప్పేవాళ్లు తక్కువ. ‘ఎనభయ్యారు వరదలప్పుడు మా పెద్దాడు చంకలో ఉన్నాడు’, ‘తొంభయ్యారు తుపానుకి ముందే మా పెళ్లయింది’... ఇదీ లెక్క! ఇక బడి రికార్డులో ఉండే పుట్టినతేదీ అంటారా... అది చాలామందికి మేస్టారు పెట్టిన తేదీయే. మనిషి వయసు తేల్చడానికే ఇన్ని తంటాలుంటే, కోట్ల ఏళ్ల కిందటి గుల్ల వయసు ఎలా తేలుతుంది? శాస్త్రవేత్తలు ‘ఆరున్నర కోట్ల ఏళ్లు’ అనగానే ‘వీళ్లేమైనా చూసొచ్చారా?’ అని నవ్వేవాళ్లున్నారు. నిజానికి అది అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు రాజమండ్రి పక్కనే, మనం రోడ్లకి వాడే కంకర మధ్యలోనే ఉంది.

నల్లరాయి మధ్యలో సముద్రం

రాజమండ్రిని ఆనుకుని కాతేరు. గోదావరి దాటి అటు వెళితే పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం. ఈ ఊళ్ల క్వారీల్లో తీసే నల్లరాయి ఒకప్పటి లావా. కింద ఒక లావా పొర, పైన మరొకటి. రెండింటికీ నడుమ సున్నపురాయి, బంకమట్టి. ఆ నడిమి పొరలోనే ఉంది విశేషమంతా. ఆల్చిప్పలు, మర మేకులా మెలితిరిగిన గుల్లలు, సముద్రపు నాచు ఆనవాళ్లు... అన్నీ రాయిగా మారి కనిపిస్తాయి. అంటే మొదటి లావా చల్లారాక ఇక్కడికి సముద్రం వచ్చింది. ఏటినీరూ ఉప్పునీరూ కలిసేచోట గుల్లలు బతికాయి. ఆ తర్వాత మళ్లీ లావా వచ్చి వాటిని కప్పేసింది.

ఇంతకీ ఆ లావా ఎక్కడిది? దగ్గర్లో అగ్నిపర్వతమేదీ లేదు. రాతిలోని రసాయనాలను పోల్చి చూస్తే అవి మహాబలేశ్వరం వైపు కొండల్లోని దక్కను లావాతో సరిపోయాయి. పాత నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరిందని చాలామంది శాస్త్రవేత్తల అంచనా. గోదావరి కంటే ముందే గోదావరిలా వచ్చిందన్నమాట!

నూరేళ్ల వాదన

నాగపూర్‌లో ఉండే మతబోధకుడు స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే కాతేరు గుల్లల గురించి రాశాడు. ఇవి రాక్షసబల్లుల కాలం ముగిశాక వచ్చిన టెర్షియరీ యుగానివని ఆయన అభిప్రాయం. కాదు, దక్కను లావా అంతకుముందుదే, రాక్షసబల్లులు తిరిగిన క్రెటేషియస్ యుగానిదేనన్నారు మరికొందరు. ఈ పేచీ దశాబ్దాల పాటు నడిచింది. 1934లో ప్రసిద్ధ వృక్షశిలాజ శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని ‘దక్కను లావా ఏ యుగానిది?’ అన్న ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చారు. ఆ దశకంలోనే ఎల్.రామారావు, ఎస్.ఆర్.నారాయణరావు, కె.శ్రీపాదరావు రాజమండ్రి పొరల్లోని నాచునూ సూక్ష్మజీవులనూ పరిశీలించారు. సాక్ష్యం టెర్షియరీ వైపే మొగ్గింది.

అయితే ఇక్కడే ఓ చిక్కుంది. ఫలానా గుల్ల ఉంది కాబట్టి ఈ రాయి ఫలానా కాలంది అంటారు. మరి ఆ గుల్ల కాలం ఎలా తెలిసింది అంటే, ఆ రాతిలో ఉంది కాబట్టి అంటారు! అన్నకి తమ్ముడు సాక్ష్యం, తమ్ముడికి అన్న సాక్ష్యం... ఏ కోర్టు ఒప్పుకుంటుంది? ఈ విమర్శకు జవాబు చెప్పాలంటే గుల్లతో సంబంధం లేని మూడో సాక్షి కావాలి.

రాతిలో గడియారం

చాలామంది అనుకునే కార్బన్ పరీక్ష ఇక్కడ పనికిరాదు. కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకూ సగమైపోతుంది. సుమారు 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి చాలినంత మిగలదు. కోట్ల ఏళ్ల లెక్కకి పొటాషియం కావాలి. రాతిలో ఉండే పొటాషియం-40 చాలా నిదానంగా తరిగిపోతుంది. అది సగమవడానికి 125 కోట్ల ఏళ్లు పడుతుంది. అందులో కొంత ఆర్గాన్ వాయువుగా మారుతుంది. లావా కుతకుతలాడుతున్నప్పుడు ఆర్గాన్ బయటికి పోతుంది. గడ్డకట్టాక పుట్టిన ఆర్గాన్ లోపలే చిక్కుకుంటుంది. ఆ పోగైన వాయువును కొలిస్తే లావా గడ్డకట్టి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది.

గుర్తుంచుకోవాల్సిందేమిటంటే, ఈ గడియారం చెప్పేది గుల్ల వయసు కాదు, లావా వయసు. కింది లావా కంటే గుల్ల చిన్నది, పై లావా కంటే పెద్దది. వరదకి తర్వాత, తుపానుకి ముందు పుట్టిన పిల్లాడిలాగా! గడియారంలోనూ లోపాలుంటాయి. వానకి నానిన రాతిలోంచి ఆర్గాన్ జారిపోతే వయసు తక్కువ చూపిస్తుంది. అందుకే రాజమండ్రి లావాకి 1994లో, 2003లో 6.4 - 6.5 కోట్ల ఏళ్లని లెక్కలొచ్చినా, నమూనాల నాణ్యత మీద శాస్త్రవేత్తల మధ్య వాదన ఆగలేదు.

అప్పుడు అయస్కాంతం సాక్ష్యానికొచ్చింది. భూమి అయస్కాంత ధ్రువాలు అప్పుడప్పుడూ తారుమారవుతుంటాయి. లావా చల్లారేటప్పుడు ఆనాటి దిశ అందులో ముద్రపడిపోతుంది. రాజమండ్రి కింది లావాలో దిశ తిరగబడి ఉంది, పై లావాలో ఇప్పటిలాగే ఉంది. రాక్షసబల్లులు అంతరించిన కొంతకాలానికి ధ్రువాలు సరిగ్గా అలాగే మారాయి.

ఇక 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్, రూర్కీ ఐఐటీకి చెందిన సునీల్ బాజ్‌పాయ్ తదితరులు ఇక్కడి క్వారీల్లో కంటికి ఆనని ఫోరామినిఫెరా గుల్లల్ని వెతికారు. కింది లావా మీదున్న పొరలో, మహావినాశనం తర్వాత కొత్తగా పుట్టుకొచ్చిన జాతులు దొరికాయి. వేర్వేరు దారుల్లో వచ్చిన సాక్షులు ఒకే మాట చెప్పారు.

అంకె ఎందుకు మారింది?

పాత పుస్తకాల్లో రాక్షసబల్లులు అంతరించి 6.5 కోట్ల ఏళ్లని ఉండేది. ఇప్పుడు 6.6 కోట్లంటున్నారు. ఆర్గాన్ గడియారాన్ని సరిచూసే ప్రామాణిక ఖనిజం వయసును 2008లో మరింత కచ్చితంగా లెక్కగట్టాక ఆ అంకె పైకి జరిగింది. ‘చూశారా, మాట మార్చారు’ అనడం తేలిక. కానీ తూకపురాయిని తామే మళ్లీ తూచి, తేడాను బయటపెట్టే వర్తకుణ్ని మనం మోసగాడనం కదా.

వాదన పూర్తిగా ముగిసిందనీ కాదు. రాక్షసబల్లుల్ని చంపింది మెక్సికోలో పడ్డ గ్రహశకలమా, దక్కను లావానా? అది తేలాలంటే లావా ఎప్పుడు ఎంత పొంగిందో తెలియాలి. 2019లో రెండు బృందాలు, ఒకటి యురేనియం గడియారంతో, మరొకటి ఆర్గాన్ గడియారంతో లెక్కలు కట్టి ఒకే పత్రిక ఒకే సంచికలో ప్రచురించాయి. లావా ఎక్కువభాగం వినాశనానికి ముందు వచ్చిందా, తర్వాతా అన్నదగ్గర రెండూ విడిపోయాయి. ఈ తగవంతా వేల ఏళ్లు, లక్షల ఏళ్ల తేడా మీదే. కోట్ల దగ్గర ఎవరికీ పేచీ లేదు.

ఆ మిగిలిన తగవు తీర్చడానికి రాళ్లుండాలి. క్వారీ తవ్వకపోతే ఈ నడిమి పొర ఇంత స్పష్టంగా కనిపించేది కాదు. మొత్తం తవ్వేస్తే చూద్దామన్నా మిగలదు. ఒక్కో క్వారీలో ఒక్క గోడనైనా అలా వదిలేస్తే, కాలేజీ పిల్లల్ని తీసుకెళ్లి కింది లావా, గుల్లల పొర, పై లావా వేలు పెట్టి చూపించొచ్చు. ‘చూసొచ్చారా?’ అని అడిగేవాళ్లని కూడా వెంటబెట్టుకుని వెళ్లొచ్చు.