కుర్చీ యెవరికొఱకు?

మా చావడిలో పదునైదవ లూయీ రీతిని చేసిన ఫ్రెంచి కుర్చీ యొకటి గలదు. వంపుకాళ్లు, పూలచెక్కడము, ప్రక్కలు మూసిన మెత్త. దానిని జూచి వచ్చినవారందఱును మెచ్చుకొనెడివారు. పిల్లలను దాని దాపునకు రానీయకుంటిని. అత్తగారు మాత్రము గడపప్రక్కనే నేలపై గూర్చుండి, మోకాళ్లు పట్టుకొని లేచుచుండెడివారు.

ఇటీవల నా రీతి చరిత్రమును జదివితిని. 1643 మొదలు 1715 వఱకు ఫ్రాన్సు నేలిన పదునాలుగవ లూయీ కొలువులో ఆసనము హోదాకు గుఱుతు. చేతులకుర్చీ రాజదంపతులది. డచ్చెస్సులకు వీపులేని చిన్నపీట దొరకుటయే మహాగౌరవము. తక్కినవారిలో బెక్కండ్రు నిలువవలసినదే. 1774 వఱకు నేలిన పదునైదవ లూయీ కాలమున జిన్నగదులలో నిష్టగోష్ఠులు పెరిగెను. అప్పుడు పనివారు కాళ్లకు వంపు దీర్చి, వీపు వాల్చి, ప్రక్కలు మూసి, మెత్త వైచి ‘బెర్జేర్’ అను కుర్చీని జేసిరి. మా కుర్చీ యా జాతిదే. నడుమునకు విశ్రాంతి నిచ్చుటకై పుట్టినదానిని హోదాకొఱకు నిలిపి, వెర్సేల్సు కొలువును మా యింట నెలకొల్పితినిగదా యని సిగ్గుపడితిని.

మఱునాడే దానిని వంటయింటి ప్రక్క కిటికీకడకు జరిపించితిని. “నా కెందుకే అమ్మాయీ, ఈ దొరల కుర్చీ?” యని అత్తగారు మొదట వెనుదీసిరి. ఇప్పుడందే కూర్చుండి చిక్కుడుకాయల యీనెలు దీయుచున్నారు. మెత్తపై బసుపుమరక పడినది, పడనిండు.

సోదరీమణులారా, కుర్చీ కొనునపుడు చెక్కడము చూడుడు. అంతకుముందు మీ యింట నెవరి నడుము నొచ్చుచున్నదో చూడుడు.