సైకిలుకు దారేది?

ఇరవై ఏళ్లుగా ఎన్నికల వార్తలు రాస్తున్న నాకు సైకిలు ఎక్కువగా కనబడింది ఓటింగ్ యంత్రాల మీదనే. ఇక్కడ తెలుగుదేశానికి, ఉత్తరప్రదేశ్‌లో సమాజ్‌వాదీ పార్టీకి అది గుర్తు. బిహార్‌లో నితీశ్ కుమార్‌కు అది బాలికల చదువు పథకం, దానితోపాటు ఓట్లు. ఆ గుర్తును ఒకసారి వాహనంగా వాడి చూద్దామనుకొని, గత శీతాకాలంలో సిరిసిల్ల నుంచి సూరత్‌లోని డిండోలికి ఒంటరిగా తొక్కుకుంటూ వెళ్లాను.

ఈ దారిని ఎంచుకోవడానికి కారణం ఉంది. తెలంగాణ పద్మశాలీలు తరాలుగా బతుకుదెరువు వెతుక్కుంటూ వెళ్లిన ఊళ్లలో షోలాపూర్, భీవండిలతోపాటు సూరత్ ఒకటి. వరంగల్‌లో నవజీవన్ ఎక్కితే ఒక్క రోజు ప్రయాణం. నాకు పన్నెండు రోజులు పట్టింది. నిజామాబాద్, నాందేడ్, అకోలా దాకా దారి ఫరవాలేదు. ఆ తరువాత 53వ జాతీయ రహదారి మీద లారీల గాలికి హ్యాండిల్ నిలవదు. ధూలే దాటాక కొండాయిబారి ఘాట్‌లో మూడు చోట్ల దిగి నడిచాను. బార్డోలి చేరేసరికి చెరకు బండ్ల వరుస. 1928లో శిస్తు పెంపును ఎదిరించి పటేల్‌ను సర్దార్‌ను చేసిన రైతుల నేల అది.

డిండోలిలో మా చిన్నమ్మ కొడుకు ఇంట రెండు నెలలున్నాను. ఉధనాకు, లింబాయత్‌కు రోజూ సైకిలు మీదనే తిరిగాను. దూరప్రయాణాన్ని మెచ్చుకొని నలుగురికీ చెప్పిన తమ్ముడికి ఈ రోజువారీ తిరుగుడు మాత్రం మింగుడుపడలేదు.

“అన్నా, గంత దూరం తొక్కుకుంట అచ్చినవంటే గొప్ప. కూరగాయలకు గూడ సైకిలేంది? నా బండి తీస్కపో. మనోళ్లు సూస్తే ఏమనుకుంటరు?”

అతని మాటలో తప్పు లేదు. సాంచాలు నడిపిన తండ్రి ముప్పై ఏళ్లు సైకిలు తొక్కితే కొడుకు బండి కొన్నాడు. పెళ్లిచూపులకు ఎవరైనా వస్తే ఆ పాత సైకిలును ఇంటి వెనక్కు తోస్తారు. సరదాకు తొక్కితే ఆరోగ్యం, అవసరానికి తొక్కితే లేమి. మన ప్రభుత్వాలూ సరిగ్గా ఈ లెక్కనే పాటిస్తున్నాయి. రహదారులు వాహనాల కోసం కాదు, మనుషుల కోసమని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం ప్రకటించింది. 2011 జనగణన నాటికి దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్లలో సైకిలుంది. అయినా హైదరాబాద్‌లో 2023లో సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు వేసింది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన! అక్కడికి సైకిలును కారు మీద కట్టుకొని వచ్చేవారే ఎక్కువ. లఖ్‌నవూలో అఖిలేశ్ వేయించిన ట్రాకుల కథ వేరు. 2017లో ప్రభుత్వం మారగానే వాటిని తీసేసే మాట వచ్చింది. ట్రాకులోనూ పార్టీ గుర్తే కనబడింది కాబోలు.

పట్టాలు దాటే వంతెన మీద రోజూ నాకు భయమే. అక్కడ సైకిలుకంటూ గీత లేదు, వెనక నుంచి హారన్లు ఆగవు. పన్నెండు గంటల షిఫ్టు దిగి వచ్చే ఒక పెద్దాయన, నల్లగొండ జిల్లా మనిషి, నన్ను రెండు రోజులు గమనించి మూడో రోజు అడిగాడు: “ఏ పార్టీ ప్రచారం సారూ?” పార్టీ లేదంటే నమ్మలేదు. అయినా వంతెన సంగతి చెప్పాడు. షిఫ్టు మారే వేళ దాకా ఆగి నలుగురైదుగురితో కలిసి ఎక్కాలట. ఒక్కడిని లారీవాడు చూడడు, గుంపును చూస్తే కాస్త పక్కకు జరుగుతాడు. ఆ తరువాత ఉధనా వెళ్లాల్సిన రోజుల్లో నా పనులను వారి షిఫ్టును బట్టి మార్చుకున్నాను.